లోడు రైతుది, బాడుగ రైతుది – బాధ్యత ఎవరిది?

లారీల వాళ్లు సమ్మె చేసినప్పుడల్లా మన ఊళ్లలో ఒకే మాట వినిపిస్తుంది. "వాళ్ల పర్మిట్ల గొడవ వాళ్లది, మన సరుకు ఎప్పుడు కదులుతుందో చెప్పండి చాలు" అంటారు. మేమూ చాలా ఏళ్లు అదే మాట అన్నాం. నేషనల్ పర్మిట్ ఫీజు, కౌంటర్ సంతకం, టెంపరరీ పర్మిట్, ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు రిజిస్ట్రేషన్ ఇవన్నీ లారీ యజమానికీ సర్కారుకూ మధ్య లెక్కలనుకున్నాం. సంఘం మీటింగుల్లో మద్దతు ధర గురించి, కరెంటు గురించి, ఎరువుల గురించి, పంటల బీమా గురించి గంటల తరబడి మాట్లాడుకున్నాం. కోసిన పంట రాష్ట్రం దాటి పోయే దారి గురించి మాత్రం పది నిమిషాలు కూడా మాట్లాడుకోలేదు.

ఆ పది నిమిషాలు మాట్లాడుకోనందుకు రెండేళ్ల కిందట మేము ఆరుగురం కట్టిన మూల్యం ఏమిటో ముందు చెబుతాం. తర్వాత అసలు విషయానికి వస్తాం.

ఆరుగురి చీనీ లోడు

ఇక్కడి మార్కెట్లో సూట్ల పేరుతో కోతలు భరించలేక, ఆరుగురం కలిసి 16 టన్నుల చీనీ కాయ నేరుగా ఢిల్లీ మండీకి పంపాలనుకున్నాం. ఊరికి దగ్గరున్న ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో లారీ మాట్లాడుకున్నాం. బాడుగ లక్షా నాలుగు వేలు. 70 వేలు లోడు ఎత్తేటప్పుడే కట్టాం. మిగతా 34 వేలు దించిన చోట ఇవ్వాలి. ఆఫీసులో కూర్చున్నతను ఒక చీటీ మీద లారీ నంబరు, తూకం, బాడుగ బాకీ రాసి ఇచ్చాడు. సంతకం లేదు, ఆఫీసు పేరు లేదు. మేమూ అడగలేదు.

నాలుగో రోజుకు చేరాల్సిన లారీ రెండో రోజు రాత్రి ఒక రాష్ట్ర సరిహద్దు దాటాక ఆగిపోయింది. డ్రైవర్ ఫోన్ చేసి, "అన్నా, బండి ఆపేసినారు. నేషనల్ పర్మిట్ ఉంది గానీ ఈ ఏడాది ఆథరైజేషన్ కట్టలేదంట" అన్నాడు. యజమానికి ఫోన్ చేస్తే ఆఫీసును అడగమన్నాడు. ఆఫీసుకు ఫోన్ చేస్తే యజమానిని అడగమన్నారు. ఫీజు, జరిమానా కట్టి బండి కదిలే సరికి మూడు రోజులు పట్టింది. ఎండాకాలం, పైన పట్ట, లోపల పదహారు టన్నుల కాయ. బండి మండీకి చేరింది ఎనిమిదో రోజున.

ఐదు టన్నులు పారబోశారు. మిగిలిన 11 టన్నులు కిలో 17 రూపాయల లెక్కన పోయింది. ఆ వారం మంచి కాయ 32 పలికింది. వచ్చిన లక్షా 87 వేలలో కమీషన్, హమాలీ 23 వేలు, బాకీ బాడుగ 34 వేలు పోయి, చేతికొచ్చింది లక్షా 30 వేలు. ముందే కట్టిన 70 వేలు తీసేస్తే మిగిలింది 60 వేలు. అంటే మనిషికి పది వేలు. ఏడాదంతా నీళ్లు పెట్టి, మందులు కొట్టి, కాపలా కాసిన తోటకు వచ్చింది అంతే. కాయ కోసిన కూలి కూడా అందులోంచే ఇచ్చుకున్నాం.

నష్టం అడగడానికి ఆఫీసుకు పోతే, "లారీ మాది కాదు, మేము బ్రోకర్లం మాత్రమే" అన్నారు. యజమాని దగ్గరికి పోతే, "నేను ఆఫీసుతో మాట్లాడినా గానీ మీతో కాదు" అన్నాడు. ఏడు నెలల తర్వాత వకీలు దగ్గరికి పోయాం. ఆయన రెండే ప్రశ్నలు అడిగాడు. బిల్టీ ఉందా? నోటీసు ఇచ్చారా? రెండింటికీ మా దగ్గర జవాబు లేదు.

ఆ రెండు ప్రశ్నల వెనక ఏముందో తెలుసుకోవడానికి మాకు ఇంకో ఏడాది పట్టింది. తెలుసుకున్నది మీ ముందు పెడుతున్నాం.

రాష్ట్రం దాటే లారీకి ఏం కావాలి

1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ఒక రాష్ట్రం ఇచ్చిన పర్మిట్ ఇంకో రాష్ట్రంలో దానంతట అది చెల్లదు. ఆ రెండో రాష్ట్రం రవాణా అధికారులు దాని మీద కౌంటర్ సంతకం పెట్టాలి. రెండు రాష్ట్రాలు ఒప్పందం చేసుకుంటే ఏటా ఇంత ఫీజు కట్టి ఆ సంతకం తీసుకోవచ్చు. ఒప్పందం లేకుంటే పోయినప్పుడల్లా టెంపరరీ పర్మిట్ తీసుకుని, అక్కడి పన్ను కట్టుకుని పోవాలి. మూడో దారి నేషనల్ పర్మిట్.

పాత పద్ధతిలో నేషనల్ పర్మిట్ కావాలంటే సొంత రాష్ట్రంతో కలిపి కనీసం నాలుగు రాష్ట్రాలు ఎంచుకుని, ఒక్కో రాష్ట్రానికి విడివిడిగా ఫీజు కట్టాలి. కట్టని రాష్ట్రంలో అడుగు పెడితే మళ్లీ టెంపరరీ పర్మిట్టే. 2010 మే నెలలో ఇది మారింది. దేశమంతటికీ కలిపి ఏడాదికి ఒక్క లారీకి 15 వేల రూపాయల ఒకే ఫీజు పెట్టారు. 2012లో దాన్ని 16,500 చేశారు. దీనికి ఆథరైజేషన్ ఫీజు వెయ్యి రూపాయలు కలుస్తుంది. వసూలైన మొత్తాన్ని కేంద్రం రాష్ట్రాలకు పంచుతుంది.

ఇక్కడ రైతులు గుర్తుంచుకోవాల్సిన విషయం ఒకటుంది. పర్మిట్ ఐదేళ్లకు ఇస్తారు. ఆథరైజేషన్ మాత్రం ఏడాదికే. కాబట్టి డ్రైవర్ పర్మిట్ కాగితం చూపించినా సరిపోదు. ఈ ఏడాది ఫీజు కట్టిన ఆథరైజేషన్ మీద గడువు తేదీ చూడాలి. మా లోడు ఆగింది అక్కడే.

ఇంకో మాట. బండి బరువు, లోడు బరువు కలిపి 3,000 కిలోలు మించని చిన్న సరుకు బండికి అసలు పర్మిట్టే అక్కర్లేదని అదే చట్టం చెబుతోంది. మన ఊళ్లలో కూరగాయలు మోసే చిన్న ట్రాలీలు చాలావరకు దీని కిందికే వస్తాయి. వాటికి ఆర్‌సీ, ఫిట్‌నెస్, బీమా, పన్ను కాగితాలు ఉండాలి గానీ పర్మిట్ పేరుతో ఎవరైనా ఆపితే ఈ మాట చెప్పండి.

ఫీజు కన్నా ఆలస్యమే బరువు

లారీ ఫీజులు మన బాడుగలోంచే పోతాయన్నది నిజం. అయితే ఎంత పోతాయో లెక్క వేసి చూద్దాం. నేషనల్ పర్మిట్‌కు ఏడాదికి 17,500. ఒక లారీ ఏడాదిలో 20 సార్లు ఉత్తరాదికి పోయొచ్చిందనుకుంటే ఒక్కో ట్రిప్పుకు 875 రూపాయలు. పదహారు టన్నుల లోడు మీద కిలోకు ఐదున్నర పైసలు. తిరుగు ప్రయాణంలో కూడా లోడు దొరికితే అందులో సగమే. ఐదున్నర పైసలకు ఏ చీనీ రైతూ ఆరిపోడు.

మమ్మల్ని ముంచింది ఆ ఫీజు కట్టకపోవడం. ఇంకా చెప్పాలంటే, కట్టారో లేదో లోడు ఎత్తకముందు చూసే మనిషి ఎవరూ లేకపోవడం. మూడు రోజుల ఆలస్యానికి మా సరుకులో మూడింట రెండు వంతుల విలువ పోయింది. సిమెంటు లారీ మూడు రోజులు ఆగితే సిమెంటు సిమెంటులాగే ఉంటుంది. టమాటా, చీనీ, అరటి, మామిడి అలా ఉండవు. ఒకే నిబంధన అందరికీ ఒకే రకంగా పెట్టినా, దాన్ని తప్పినప్పుడు పడే దెబ్బ అందరికీ ఒకటి కాదు. పచ్చి సరుకు రైతుకే ఎక్కువ.

కాబట్టి ఫీజులన్నీ ఎత్తేయండి అని మేము అడగడం లేదు. రోడ్లు కావాలి, తనిఖీ కావాలి. బ్రేకులు లేని బండి మన పిల్లల మీదికే వస్తుంది. మేము అడిగేది రెండు. ఫీజు ఒకేచోట, ఒకేసారి, ఆన్‌లైన్‌లో తేలిపోవాలి. తప్పు యజమానిదైతే జరిమానా యజమాని మీద వేయాలి గానీ, లోపలున్న పచ్చి సరుకును ఎండలో నిలబెట్టి రైతు మీద వేయకూడదు.

తుంగభద్ర దాటితే ఇంకో రాష్ట్రం

2014 జూన్ 2న రాష్ట్రం రెండయింది. అప్పటికి చేతిలో ఉన్న పర్మిట్లు గడువు తీరేదాకా రెండు చోట్లా చెల్లుతాయని పునర్విభజన చట్టంలోనే రాశారు. గడువు తీరిన తర్వాత ఏపీ బండి తెలంగాణకు, తెలంగాణ బండి ఏపీకి పరాయి బండి అయింది.

దీని అర్థం సరిహద్దు రైతుకే బాగా తెలుస్తుంది. కర్నూలు నుంచి తాడేపల్లిగూడెం మార్కెట్‌కు ఉల్లిగడ్డ లోడు నాలుగు వందల కిలోమీటర్లకు పైగా పోతుంది. రాష్ట్రం లోపలే కాబట్టి మామూలు పర్మిట్ చాలు. అదే కర్నూలు బండి తుంగభద్ర వంతెన దాటి అలంపూర్ చౌరస్తాలో లోడు దించాలన్నా, హైదరాబాద్ మలక్‌పేటకు పోవాలన్నా నేషనల్ పర్మిట్ ఉండాలి, లేకుంటే టెంపరరీ పర్మిట్ తీసుకోవాలి. ఖమ్మం వైపు నుంచి గుంటూరు యార్డుకు మిర్చి తెచ్చే రైతుదీ అదే పరిస్థితి. వాళ్ల తాతలు ఏ యార్డుకు తెచ్చారో వీళ్లూ అదే యార్డుకు తెస్తున్నారు. మధ్యలో గీత మాత్రం కొత్తది.

ఒక్క లారీ ఉన్న చిన్న యజమాని ఏడాదంతా ఢిల్లీ, కోల్‌కతా తిరగడు. చుట్టుపక్కల రెండు మూడు జిల్లాల్లో తిరుగుతాడు. అందులో ఒక జిల్లా ఇప్పుడు పక్క రాష్ట్రంలో ఉంది. దాని కోసం దేశం మొత్తానికి ఫీజు కట్టడం అతనికి గిట్టదు. కట్టకుంటే రెండే దారులు. సరిహద్దు దాటి రానని చెప్పాలి, లేదా దొంగదారిన వచ్చి దారి ఖర్చు పేరుతో మామూళ్లు కలిపి మన దగ్గర బాడుగ తీసుకోవాలి. మొదటిదైతే బండ్లు తగ్గి బాడుగ పెరుగుతుంది. రెండోదైతే రసీదు లేని ఖర్చు మన మీద పడుతుంది. రెండింటిలోనూ కట్టేది రైతే.

రెండు తెలుగు రాష్ట్రాల మధ్య కొద్దిపాటి వార్షిక ఫీజుతో సింగిల్ పర్మిట్ ఇవ్వాలని రెండు వైపులా లారీ యజమానుల సంఘాలు ఏళ్ల తరబడి అడుగుతూ వచ్చాయి. ఈ కోరికను వాళ్లకే వదిలేయడం మన తప్పు. ఇది రైతు సంఘాల కోరిక కూడా కావాలి. చట్టంలో దారి లేక కాదు. రెండు రాష్ట్రాలు ఒప్పందం చేసుకుంటే కౌంటర్ సంతకం పర్మిట్లు ఇవ్వవచ్చని చట్టమే చెబుతోంది.

సీజన్ సంగతి కూడా అంతే. సీజన్ వ్యాపారం కోసం నాలుగు నెలలు మించకుండా టెంపరరీ పర్మిట్ ఇవ్వవచ్చని 87వ సెక్షన్‌లో ఉంది. మామిడి, మిర్చి, ఉల్లి ఇవన్నీ సీజన్ సరుకులే కదా. ట్రిప్పు ట్రిప్పుకూ పర్మిట్ తీసుకోమనే బదులు, పంట సీజన్‌కు ఒకే పర్మిట్ తక్కువ ఫీజుకు ఇస్తే సర్కారుకు పోయేదేమీ లేదు.

ఎవరూ అడగని రిజిస్ట్రేషన్

ఇప్పుడు వకీలు అడిగిన ప్రశ్నలకు వద్దాం. లారీకి పర్మిట్ ఉన్నట్టే, సరుకు బుక్ చేసుకుని పంపే ట్రాన్స్‌పోర్ట్ సంస్థకు కూడా రిజిస్ట్రేషన్ ఉండాలి. ఈ సంగతి మాకు అరవై మంది రైతుల్లో ఒక్కరికి కూడా తెలియదు. 1865 నాటి పాత చట్టాన్ని తీసేసి 2007లో క్యారేజ్ బై రోడ్ చట్టం తెచ్చారు. 2011లో దాని నిబంధనలు వచ్చాయి. రిజిస్ట్రేషన్ లేకుండా ఎవరూ సరుకు రవాణా వ్యాపారం చేయకూడదని ఆ చట్టం చెబుతోంది. రిజిస్ట్రేషన్ ఇచ్చేది రవాణా అధికారులే. పదేళ్లకు ఇస్తారు. తప్పు చేస్తే సస్పెండ్ చేయవచ్చు, రద్దు చేయవచ్చు.

మాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించింది ఇంకొకటి. ఆ చట్టం రవాణాదారు అంటే ఎవరో చెప్పేటప్పుడు బుకింగ్ కంపెనీని, కాంట్రాక్టరును, ఏజెంటును, బ్రోకరును కూడా కలిపింది. "మేము బ్రోకర్లం మాత్రమే" అని మాకు ఆఫీసులో చెప్పిన మాట చట్టం ముందు నిలబడేది కాదు. ఆ రోజు మాకు తెలియదు కాబట్టి నిలబడింది.

ఆ చట్టం నడిచే తీరు ఇది. సరుకు పంపేవాడు ఏం పంపుతున్నాడో, ఎంత తూకమో, ఎంత విలువో రాసి సంతకం పెట్టిన ఫారం ఇస్తాడు. రవాణాదారు సరుకు అందుకున్నట్టు రసీదు ఇస్తాడు. దాన్నే మనం బిల్టీ అంటాం, ఎల్‌ఆర్ అంటాం. దారిలో సరుకు పోయినా, చెడినా, చేరకపోయినా రవాణాదారు బాధ్యుడు. అతని నిర్లక్ష్యాన్ని రైతు రుజువు చేయనక్కర్లేదు. ప్రకృతి వైపరీత్యం, యుద్ధం, అల్లర్లు, చట్టప్రకారం బండిని ఆపడం, ప్రభుత్వ ఆంక్షలు లాంటి కొన్నిటికి మినహాయింపు ఉంది.

"చట్టప్రకారం ఆపడం" అనే మాట చూసి మేము మొదట నీరుగారిపోయాం. మా బండిని ఆపింది అధికారులే కదా. అయితే దాని కిందే ఇంకో మాట ఉంది. రవాణాదారు తగిన జాగ్రత్త తీసుకుని ఉంటే ఆ నష్టం తప్పేదైతే, ఆ మినహాయింపు అతనికి వర్తించదు. ఏడాది ఫీజు కట్టని లారీకి పచ్చి సరుకు ఎత్తి రెండు వేల కిలోమీటర్ల దూరం పంపడం జాగ్రత్త ఎలా అవుతుంది?

పరిహారానికి ఒక హద్దు ఉంది. మామూలుగా బాడుగకు పది రెట్లు, అదీ ఫారంలో రాసిన సరుకు విలువకు మించకుండా. మా లోడుకు బాడుగ లక్షా నాలుగు వేలు కాబట్టి పది రెట్లంటే పది లక్షల 40 వేలు. మా చీనీ విలువ ఐదు లక్షల 12 వేలు. ఫారంలో ఆ విలువ రాసి ఉంటే హద్దు మాకు అడ్డమయ్యేది కాదు. మిర్చి రైతు మాత్రం ఇక్కడ జాగ్రత్తపడాలి. దూరం తక్కువ, సరుకు విలువ ఎక్కువ. ఉదాహరణకు 80 క్వింటాళ్ల మిర్చి, క్వింటా 15 వేల లెక్కన 12 లక్షలు. బాడుగ 12 వేలైతే పది రెట్లు లక్షా 20 వేలే. అలాంటప్పుడు ఎక్కువ విలువకు తగిన అదనపు రేటు ఒప్పుకుని రాయించుకోవచ్చని చట్టంలో ఉంది. లేదంటే సరుకుకు వేరే బీమా చేయించుకోవాలి. లారీకి ఉండే మామూలు బీమా మన సరుకుకు వర్తించదు.

ఎన్ని రోజుల్లో చేర్చాలో కూడా ఫారంలో రాయించుకోవాలి. ఒప్పుకున్న గడువు లోపలి ఆలస్యానికి బాధ్యత బాడుగ మొత్తం వరకే ఉంటుంది. గడువు దాటితే పైన చెప్పిన పూర్తి పరిహారం లెక్క వస్తుంది. గడువు రాయకపోతే ఆ గొడవ తెగదు.

చివరిది నోటీసు. సరుకు బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల లోపల రవాణాదారుకు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వకుండా దావా వేయడానికి లేదు. మేము వకీలు దగ్గరికి పోయింది ఏడు నెలలకు. అప్పటికే గడువు పోయింది.

"మాపై పడితే చిన్నవాళ్లం మూసుకుంటాం"

ఈ సంగతులు మేము చుట్టుపక్కల ఊళ్లలో చెబుతుంటే ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుల వాళ్ల నుంచి, ఒకటి రెండు లారీలున్న యజమానుల నుంచి అభ్యంతరాలు వచ్చాయి. వాటిని తోసిపారేయడం న్యాయం కాదు. వాళ్లలో సగం మంది రైతు బిడ్డలే. పొలం గిట్టక, అప్పు చేసి లారీ కొన్నవాళ్లే.

వాళ్ల మొదటి మాట ఇది. రిజిస్ట్రేషన్, బిల్టీ అని పట్టుబడితే చిన్న ఆఫీసులు మూతపడతాయి, పెద్ద కంపెనీలు వస్తాయి, బాడుగలు పెరుగుతాయి. ఇందులో కొంత నిజముంది. అందుకే చిన్నవాళ్లకు రిజిస్ట్రేషన్ సులభం చేయాలని, ఆఫీసుల చుట్టూ తిప్పకూడదని మేమూ అడుగుతున్నాం. అయితే కాగితం రాయకుండా వ్యాపారం చేసే హక్కు చిన్నవాడికైనా ఉండదు. పాల కేంద్రంలో లీటరు పాలకు చీటీ ఇస్తారు. ఐదు లక్షల లోడుకు ఇవ్వడం కష్టమంటే ఎలా?

రెండో మాట, బిల్టీ రాస్తే జీఎస్టీ పడుతుందని. ఇది భయపెట్టే మాట. రైతు పండించిన వ్యవసాయ ఉత్పత్తుల రోడ్డు రవాణా సేవకు జీఎస్టీ మినహాయింపు 2017 నుంచీ ఉంది. తాజా పండ్లకు, కూరగాయలకు ఈ-వే బిల్లు కూడా అక్కర్లేదు. బిల్టీ రాసినంత మాత్రాన మన చీనీ మీద, టమాటా మీద పన్ను పడదు.

మూడో మాట మన రైతులే అన్నారు. "సీజన్‌లో లారీ దొరకడమే గగనం, ఇంక కాగితాలడిగితే లోడు ఎత్తకుండా పోతారు" అన్నారు. ఇది అన్నిటికన్నా నిజమైన కష్టం. ఒక్క రైతు అడిగితే బండి వెనక్కి తిప్పుకుని పోతారు. మాకూ అయింది. పోయిన సీజన్‌లో మొదటి రెండు లారీల వాళ్లు కాగితాలు చూపమంటే వెళ్లిపోయారు. మూడో అతను చూపించాడు. ఊరంతా కలిసి అడగడం మొదలుపెట్టాక ఒక ఆఫీసు వాళ్లు తామే రసీదు పుస్తకం అచ్చు వేయించుకున్నారు. అందరూ మారలేదు. ఇంకా చీటీలతో నడిపేవాళ్లున్నారు. అడిగేవాళ్లు పెరిగితేనే వాళ్లూ మారతారు. సంఘం ఉన్నది ఇందుకే.

లోడు ఎత్తే ముందు

మా గ్రామ కమిటీ ఇప్పుడు పాటిస్తున్న పద్ధతి ఇది. మీకు పనికొస్తే పాటించండి.

ఒకటి, లారీ ఆర్‌సీ, ఫిట్‌నెస్, బీమా, పర్మిట్, ఈ ఏడాది ఆథరైజేషన్, వీటి గడువు తేదీలు చూసి ఫోన్‌లో ఫొటో తీసుకోవాలి. లోడు చేరే రోజుకు కూడా గడువు మిగిలి ఉండాలి.

రెండు, ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు రిజిస్ట్రేషన్ నంబరు అడిగి రాసుకోవాలి.

మూడు, సరుకు పేరు, తూకం, విలువ, చేర్చాల్సిన తేదీ రాసి, సంతకం చేసి ఇవ్వాలి. ఒక ప్రతి మన దగ్గర ఉంచుకోవాలి. కాటా చీటీ దానికి జత చేయాలి.

నాలుగు, సంతకం, ఆఫీసు ముద్ర ఉన్న బిల్టీ చేతికి వచ్చాకే అడ్వాన్సు ఇవ్వాలి.

ఐదు, నష్టం జరిగితే దించిన చోటే ఫొటోలు తీయించి, మండీ పట్టీ తెప్పించుకుని, రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాలి. 180 రోజులు ఉన్నాయి కదా అని కూర్చోవద్దు. వారం లోపలే పంపండి.

మా డిమాండ్లు

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు ఒప్పందం చేసుకుని, సరుకు రవాణా లారీలకు తక్కువ వార్షిక ఫీజుతో సింగిల్ పర్మిట్ ఇవ్వాలి. సరిహద్దు జిల్లాల చిన్న యజమానులకు మొదట ఇవ్వాలి.

పంట సీజన్‌కు నాలుగు నెలల పర్మిట్ ఆన్‌లైన్‌లో, నామమాత్రపు ఫీజుతో ఇవ్వాలి.

పచ్చి సరుకు ఉన్న లారీ కాగితాల లోపంతో పట్టుబడితే, జరిమానా ఆన్‌లైన్‌లో వేసి, వసూలు యజమాని మీద పెట్టి, లోడు ముందుకు పోనివ్వాలి. ప్రాణాలకు ముప్పు తెచ్చే లోపాలుంటే వేరే బండిలోకి మార్చుకోవడానికి వెంటనే అనుమతి ఇవ్వాలి.

సరుకు బుక్ చేసే ప్రతి ఆఫీసు ముందు, ప్రతి మార్కెట్ యార్డులో, రిజిస్టర్ అయిన రవాణాదారుల పేర్లు, నంబర్లు తెలుగులో బోర్డు మీద పెట్టించాలి. రిజిస్ట్రేషన్ లేని ఆఫీసులకు యార్డులో లోడు ఎత్తే అవకాశం ఇవ్వకూడదు.

బిల్టీ, సరుకు ఫారం తెలుగులో ఉండాలి. యార్డు కమిటీలే వాటిని అచ్చు వేసి రైతులకు ఇవ్వాలి.

ఇవేవీ కోట్లు ఖర్చయ్యే పనులు కావు. చాలావరకు ఉన్న చట్టాన్ని అమలు చేయమనే అడుగుతున్నాం. పర్మిట్ ఫీజు వసూలు చేయడానికి మనుషులున్నారు. రవాణాదారు రిజిస్ట్రేషన్ ఉందా, రైతుకు రసీదు ఇచ్చాడా అని చూడటానికి మాత్రం ఎవరూ లేరు. సర్కారుకు రావాల్సిన డబ్బుకు ఉన్న కాపలా, రైతుకు రావాల్సిన డబ్బుకు లేదు. మా ఫిర్యాదు ఇదే.

వచ్చే నెల గ్రామ కమిటీల సమావేశాల్లో ఈ విషయాన్ని ఎజెండాలో పెట్టాలని కోరుతున్నాం. రెండేళ్లలో మీరు పంపిన లోడ్లకు ఇచ్చిన చీటీలు ఇంట్లో ఉంటే తీసుకురండి. సంతకం లేనివైనా సరే. ఏ ఆఫీసులు రసీదు ఇస్తున్నాయో, ఏవి ఇవ్వడం లేదో ఊరి వారీగా పట్టిక రాసి, వినతిపత్రంతో పాటు రవాణా అధికారులకు ఇద్దాం. మా ఆరుగురి నష్టం ఇక తిరిగి రాదు. ఈ సీజన్‌లో లోడు ఎత్తబోయే వాళ్లకైనా చేతిలో బిల్టీ ఉండాలి.